పెరటి కుంటకు చుట్టాలు వచ్చే వేళ



విత్తనాలను గూర్చీ, ఎరువులను గూర్చీ మీరు ఎన్నో ప్రసంగాలు వింటూ ఉంటారు. ఈ పూట మీ ఇంటి వెనుకనున్న కుంటను గూర్చి నాలుగు మాటలు చెప్పదలచాను. కుంట అంటే పెద్ద చెరువు కాదు. ఇల్లు కట్టేనాడు గోడలకు మట్టి తీసిన గుంట. వానకు నిండి, వేసవికి ఎండి, మళ్ళీ వానకు నిండే గుంట. గేదెలు పొర్లాడేది అందులోనే, బాతులు ఈదేది అందులోనే. అట్టి గుంటకు కూడా ఒక చరిత్ర ఉంటుందా అని మీరు అడగవచ్చు. ఉన్నది. గడచిన నూట పాతిక సంవత్సరాలలో ఆ కుంటలోని జీవులమీదికి మూడు ఆపదలు వచ్చాయి. మొదటి రెండింటిని ప్రభుత్వపు ఉత్తరువులు చాలావరకు ఆపగలిగాయి. మూడవదానిని ఆపడం మీ చేతిలో ఉన్నది. ఆ సంగతి మనవి చేయడానికే ఈ ప్రసంగం.

ముందుగా కుంటకు ప్రాణం ఎట్లా తిరిగి వస్తుందో చూద్దాం.

చలిదేశాలలో నీటిగుంటలు మేలుకొనేది వసంతకాలంలో. చలి తగ్గి, నీరు కాస్త వెచ్చబడగానే కప్పలు గుంటలు చేరుకొని గుడ్లు పెడతాయి. ఇంగ్లండులో నార్‌ఫక్ అనే ప్రాంతంలో రాబర్ట్ మార్షమ్ అనే ఒక భూస్వామి ఉండేవాడు. ఆయన 1736లో ఒక పని మొదలుపెట్టాడు. ఏ చెట్టు ఏనాడు చిగిర్చింది, ఏ పిట్ట ఏనాడు మొదట కూసింది, కప్పలు ఏనాడు అరిచాయి అని ఏటేటా తేదీలతో రాసుకున్నాడు. ఆయన తరువాత ఆయన వంశంవారు ఆ పుస్తకాన్ని సాగించారు. మధ్య కొన్ని ఏళ్ళు తప్పినా, 1958 వరకు ఆ రాత నడిచింది. వాతావరణం వేడెక్కితే చెట్ల చిగుళ్ళు ఎన్నాళ్ళు ముందుకు జరుగుతాయో తేల్చడానికి శాస్త్రజ్ఞులు తిరగవేసిన పాత లెక్కలలో అది ఒకటి. ఇంటి చుట్టూ ఉన్నదాన్ని శ్రద్ధగా చూసి రాసిన రాత రెండువందల ఏళ్ళ తరువాత కూడా పనికి వచ్చిందన్నమాట.

మనకు లెక్క వేరు. వసంతమంటే మనకు చైత్ర వైశాఖాలు. ఆ నెలలలో మన కుంట అడుగు బీటలు వారి ఉంటుంది. కోయిల కూసినా కప్ప అరవదు. మన కుంటకు అసలైన వసంతం రోహిణి ఎండలు దాటిన తరువాత, జూన్ 7, 8 తేదీలలో ప్రవేశించే మృగశిర కార్తెతో మొదలవుతుంది. మార్షమ్ దొర తేదీలను పుస్తకంలో రాసుకుంటే, మన పెద్దలు వాటిని కార్తెలలో భద్రపరచారు. ఏడాదిని 27 కార్తెలుగా పంచి, ఏ కార్తెలో ఏ వాన పడుతుంది, ఏ విత్తు పడాలి అని సామెతలలో పెట్టి మనకు అప్పగించారు. మృగశిర నాడు చేపలు తినే ఆచారం ఉన్నది చూశారూ, అది కూడా నీరు తిరిగి వచ్చే వేళకు పెట్టిన గుర్తే.

ఎండిన కుంటను చూసి అది చచ్చిపోయిందనుకోవద్దు. ఆ బీటల కింద ఒక ఊరు నిద్రపోతూ ఉంటుంది. నత్త తన గుల్ల మూతిని గట్టి మూతతో బిగించుకొని మట్టిలో పడి ఉంటుంది. కొరమేను, మట్టగిడస గాలిని నేరుగా పీల్చుకోగల చేపలు గనుక, తడి ఆరని బురద కొంచెమున్నా అందులో దాగి ప్రాణం నిలబెట్టుకుంటాయి. కప్పలు గట్టు వారల బొరియలలో, చెట్లవేళ్ళ సందులలో, మెత్తటి మట్టి లోపల కదలక మెదలక కూర్చుంటాయి. కంటికి సరిగా ఆనని నీటిపురుగుల గుడ్లు ఎండిన మన్నులో కలిసి ఉంటాయి. వాటిలో కొన్నిరకాలు ఏళ్ళ తరబడి చెడకుండా ఉండి, నీరు తగలగానే పగులుతాయి. పొలంలో విత్తనం ఎట్లాగో, కుంటలో ఆ మట్టి అట్లాగు. అది కుంటకు విత్తనాల పాతర.

ఇక మొదటి పెద్దవాన పడిన రాత్రి సంగతి. చినుకులతో కాదు, గట్టు వారలు జారి కుంటలో మోకాలిలోతు నీరు నిలిచే వాన పడాలి. ఆ రాత్రి మీరు లాంతరు పట్టుకొని పెరట్లోకి వెళ్ళి చూడండి. మామూలు రోజులలో ఆకుపచ్చగా, మట్టిరంగుగా ఉండే పెద్ద గోదురుకప్ప, మగది, పసుపుకొమ్ము రంగుకు తిరిగి ఉంటుంది. దవడల కింద రెండు నీలిరంగు తిత్తులు ఉబ్బించి అరుస్తుంది. ఆ అరుపు ఆడకప్పను పిలవడానికి. ఒక ఆడకప్ప వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. అవి ఒకటి రెండు రోజులలోనే పగిలి, తోకతో ఈదే పిల్లలవుతాయి. నెల, నెలన్నరలో కాళ్ళు మొలిచి, తోక కరిగి, బొటనవ్రేలంత కప్పపిల్లలు గట్టెక్కుతాయి. ఎందుకింత తొందర అంటే, వానగుంట ఎప్పుడు ఎండుతుందో తెలియదు గనుక. మన వర్షాధారపు రైతు తక్కువకాలపు పంటను ఎన్నుకున్నట్లే, కప్ప కూడా తక్కువకాలపు బ్రతుకును ఎన్నుకున్నది.

గుడ్లను చూస్తే ఎవరివో పోల్చవచ్చు. నీటిలో దారంలాగా, నల్లపూసల దండలాగా కనబడితే అవి ఒంటినిండా బుడిపెలుండే గరుకు కప్పవి. నీటిపైన వంగిన కొమ్మకో, తొట్టి గోడకో తెల్లటి నురుగుముద్ద అంటుకొని ఉంటే అది చెట్టుకప్ప గూడు. ఆ నురుగులోపల గుడ్లు పగిలి, పిల్లలు వానకు జారి నీటిలో పడతాయి. ఎంగిలి అనుకొని, దిష్టి అనుకొని దానిని గీకివేయకండి.

కప్పల వెనుకనే తూనీగలు వస్తాయి. వానకాలంలో పొలాలమీద గుంపులు గుంపులుగా తిరిగే పసుపురంగు తూనీగను మీరందరూ ఎరుగుదురు. అది తోకను నీటికి తాకిస్తూ గుడ్లు పెడుతుంది. వాటి పిల్లలు నీటి అడుగున పెరిగి, దోమపిల్లలను పట్టి తింటాయి. రమారమి నెలన్నర, రెండునెలలలో రెక్కలు వచ్చి లేచిపోతాయి. ఈ జాతి తూనీగలే చలికాలం ముందు సముద్రం దాటి ఆఫ్రికా తూర్పు తీరం వరకు వెళుతున్నాయని శాస్త్రజ్ఞుల అంచనా. మీ పెరటి కుంటలో పుట్టిన పురుగు అంత దూరం పోగలదంటే వింతే కదా!

ఆ తరువాత తెల్లకొంగ వస్తుంది, లకుముకి పిట్ట వస్తుంది, తుంగలో నీటికోడి గూడు కడుతుంది. కొరమేను తన ఎర్రటి పిల్లల గుంపును వెంటవేసుకొని కాపలా తిరుగుతుంది. నీరుకట్టు పాము కూడా వస్తుంది. దానికి విషం లేదు. కాని పాముల పోలిక తెలియనివారు ఏ పామునైనా దూరంగానే ఉండనివ్వాలి, రాత్రివేళ దీపం లేకుండా గట్టుకు వెళ్ళరాదు. అంతేగాని పాము కనబడ్డదని కుంటనే పూడ్చడం తలనొప్పికి తల తీయించుకోవడం వంటిది.

ఈ రాకను మనవాళ్ళు అనాదినుండి గమనిస్తున్నారు. ఋగ్వేదం ఏడవ మండలంలో 103వ సూక్తం అంతా కప్పలను గూర్చినదే. ఏడాదిపాటు మౌనంగా ఉండి, వాన రాగానే గొంతెత్తే కప్పల ముచ్చట అందులో ఉన్నది. మన పల్లెలలో వాన జాడ లేనప్పుడు కప్పతల్లి ఆట ఆడతారు. రోకలికి వేపమండలు కట్టి, నడుమ కప్పను కట్టి ఇంటింటికీ తిరిగితే, అమ్మలక్కలు బిందెలతో నీళ్ళు పోస్తారు. కప్పను కట్టడంవల్ల వాన పడుతుందని నేను చెప్పను. కాని కప్ప, వాన, పంట ఈ మూడింటికీ పొత్తు ఉన్నదని మన అవ్వలు గుర్తించారు. ఆ గుర్తింపు మాత్రం విలువైనది.

ఇక ఆపదల కథకు వస్తాను.

మొదటి ఆపద దోమతో మొదలైంది. 1897 ఆగస్టు 20వ తేదీన మన సికిందరాబాదులోనే రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు, మలేరియా రోగిని కుట్టిన ఒక దోమను కోసి సూక్ష్మదర్శినిలో చూసి, దాని పొట్టలో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. ఆయనకు 1902లో నోబెల్ బహుమానం వచ్చింది. చెడుగాలివల్ల చలిజ్వరం వస్తుందన్న పాత నమ్మకం అంతటితో పోయింది. మానవజాతికి అది మహోపకారం. కాని దానితోబాటు నిలిచిన నీరంతా శత్రువే అన్న భావం కూడా బయలుదేరింది. గుంటలు పూడ్చమన్నారు. నీటిపైన కిరసనాయిలు పొర పోశారు. 1928లో ఇటలీనుండి గాంబూసియా అనే చిన్నచేపను మన దేశానికి తెచ్చి నీళ్ళలో వదిలారు. దాని పుట్టిల్లు అమెరికా. అది దోమపిల్లలను తింటుంది, నిజమే. కాని కప్పగుడ్లను, కప్పపిల్లలను, మన చిన్నచేపల పిల్లలను కూడా తింటుంది. ఇంటికి కాపలా పెట్టిన వాడు ఇంటివాళ్ళ కంచంలోనే చేయి పెట్టినట్లయింది.

తరువాత డీడీటీ వచ్చింది. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. ఇండ్ల లోపలి గోడలకు డీడీటీ చల్లారు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో ఏటా 7 కోట్ల 50 లక్షలమందికి మలేరియా సోకేదనీ, 8 లక్షలమంది చనిపోయేవారనీ అంచనా. 1965 నాటికి కేసులు లక్షకు దిగాయి. ఇది చిన్న విజయం కాదు. ఆ పని చేసినవారికి మనం నమస్కారం పెట్టాలి. అయితే దోమలు మందుకు అలవాటు పడ్డాయి, పనిలోనూ సడలింపు వచ్చింది. 1976లో కేసులు మళ్ళీ 64 లక్షలు దాటాయి. ఒక్క మందునే నమ్ముకుంటే ఏమవుతుందో అప్పుడు తెలిసింది.

గోడలకు చల్లిన డీడీటీకన్న కుంటకు ఎక్కువ చేటు చేసింది పొలాలలో చల్లిన మందులు. డీడీటీ, బి.హెచ్.సి., ఎండ్రిన్ ఈ పేర్లు మీ ఇండ్లలో పెద్దవారిని అడగండి, చెబుతారు. ఎండ్రిన్ బొట్టు నీటిలో పడితే చేప బతకదు. మందు చల్లిన పొలంనుండి వాననీరు జారి కుంటలో కలిసేది. మందు కలిపిన డబ్బాలను అదే కుంటలో కడిగేవారు. పురుగు చచ్చింది, పురుగును తినేవి కూడా చచ్చాయి. 1970 తరువాత వరిలో సుడిదోమ విరుచుకుపడింది. మందు కొట్టినకొద్దీ సుడిదోమ ఎందుకు పెరుగుతున్నదని పరిశోధించినవారికి, దానిని తినే సాలీళ్ళు మొదలైనవి మందుకు ముందే చచ్చిపోతున్నాయని తేలింది. ఇండొనేషియా ప్రభుత్వం 1986లో వరిపైన 57 రకాల పురుగుమందుల వాడకాన్ని ఒక్క ఉత్తరువుతో నిషేధించింది. మన దేశంలో వ్యవసాయానికి డీడీటీ వాడకం 1989లోను, ఎండ్రిన్ 1990లోను, బి.హెచ్.సి. 1997లోను నిలిచిపోయాయి. మొదటి ఆపదకు ఆ విధంగా ఒక అడ్డుకట్ట పడింది. మందులన్నీ పోలేదు. జాగ్రత్త ఇప్పటికీ అవసరమే.

రెండవ ఆపద మరీ విచిత్రమైనది. అది కప్పకాళ్ళ వ్యాపారం.

విదేశాలలో కొందరికి కప్ప వెనుకకాళ్ళు ఇష్టమైన తిండి. 1950 దాటిన తరువాత, చేపలను రొయ్యలను మంచులో గడ్డకట్టించి ఎగుమతి చేసే కర్మాగారాలు మన తీరంలో వెలిశాయి. వాటితోబాటు కప్పకాళ్ళు కూడా ఓడలెక్కాయి. ఐరోపా దేశాలకు, అమెరికాకు పోయేవి. వానకాలపు రాత్రులలో పెట్రోమాక్స్ దీపాలు, గోనెసంచులు పట్టుకొని పొలాలవెంట తిరిగేవారు. కళ్ళలో వెలుగు పడితే కప్ప కదలదు. దాని అరుపే దాని చోటు చెబుతుంది. పిల్లలు పెట్టడానికి వచ్చిన వేళలోనే దానిని పట్టడం సులువు. ఇంతకన్న ఆ జాతికి కీడు ఏముంటుంది? విత్తనపు గింజలను వండుకు తిన్నట్లే కదా.

1980 తరువాతి ఏళ్ళలో ఈ ఎగుమతి ఏటా 4,000 టన్నుల వరకు చేరింది. మనం ఒక లెక్క వేద్దాం. ఒక జత కాళ్ళు 50 గ్రాములనుండి 60 గ్రాముల వరకు తూగుతాయనుకోండి. 4,000 టన్నులు అంటే 40 లక్షల కిలోలు. అంటే ఏడాదికి ఆరున్నర కోట్లనుండి ఎనిమిది కోట్ల కప్పలన్నమాట. ఒక్కొక్క కప్ప రాత్రికి పది పురుగులే తిన్నదనుకున్నా, ఒక రాత్రికి అరవై ఐదు కోట్లకు తక్కువ లేని పురుగులు బ్రతికి మన పంటమీద పడ్డాయి. కప్పను పట్టినవాడు బీదవాడు. వాడికి దక్కింది ఒక పూట కూలి. పంట పోయినవాడూ బీదవాడే. లాభం ఎక్కడికి పోయిందో మీరే ఊహించుకోండి.

దీనిమీద దేశంలో ఆందోళన లేచింది. బొంబాయిలోని ప్రకృతి శాస్త్రవేత్త హుమాయూన్ అబ్దులాలీ వంటివారు వ్యాసాలు రాసి, లెక్కలు చూపి పోరాడారు. 1985లో గోదురుకప్పను అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందపు పట్టికలో చేర్చారు. 1987లో భారత ప్రభుత్వం కప్పకాళ్ళ ఎగుమతిని పూర్తిగా నిషేధించింది. తరువాత ఆ బేరం ఇతర దేశాలకు, ముఖ్యంగా ఇండొనేషియాకు తరలిపోయింది.

మరి మన కప్ప ఏమయింది? సోదరులారా, ఇక్కడే ఈ చరిత్రలోని అసలు పాఠం ఉన్నది. కోట్లకొద్దీ చంపినా అది అంతరించలేదు. ప్రపంచ పరిరక్షణ సంఘంవారి పట్టికలో గోదురుకప్ప నేడు అపాయం తక్కువగా ఉన్న జాతులలోనే ఉన్నది. ఒక్క ఆడకప్ప ఒక్క వానకు వేలగుడ్లు పెట్టగలిగినప్పుడు, చేయి వెనక్కు తీసుకుంటే చాలు, అది తిరిగి రాగలదు. అండమాను దీవులకు దానిని మనుషులు తీసుకొనిపోతే, అక్కడ అది అతిగా పెరిగి, అక్కడి చేపపిల్లలను, చిన్న జీవులను తింటూ కొత్త బెడదగా తయారయింది. అంటే దాని చేవకు కొదవ లేదు. ఎవరి చోటు వారిది. ఏ జీవిని ఎక్కడ ఉంచాలో తెలుసుకోవడమే తెలివి.

చంపితే తిరిగి వచ్చింది. కాని చోటు పోతే ఎక్కడికి వస్తుంది? మూడవ ఆపద అదే. చోటు పోవడం.

ఊరి ఉమ్మడి చెరువులకు కొంత అండ ఉన్నది. పంజాబులోని ఒక ఊరి చెరువు ఆక్రమణను గూర్చి 2011లో సుప్రీంకోర్టు గట్టి తీర్పు చెప్పి, గ్రామాల ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించే పథకాలు వేయమని అన్ని రాష్ట్రాలను ఆదేశించింది. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ పేర 46,000 పైచిలుకు చెరువుల పునరుద్ధరణకు పూనుకున్నారు. ఆ పూడికమట్టిని రైతులు పొలాలకు తోలుకున్నారు. కాకతీయులనాటి రామప్ప, పాకాల వంటి చెరువులు ఎనిమిదివందల ఏళ్ళు దాటినా నిలిచాయంటే, తరతరాలుగా ఎవరో ఒకరు పట్టించుకున్నందువల్లనే. కాని మీ పెరటి కుంట ఏ పట్టికలోనూ లేదు. దానిని పూడ్చి కొట్టు కట్టినా, వాకిలి చేసినా మిమ్మల్ని అడిగేవారు ఉండరు. ఏ ఉత్తరువూ దానిని కాపాడదు. కాపాడితే మీరు కాపాడాలి.

"కుంట ఉంటే దోమలు రావా?" అని మా అక్కచెల్లెళ్ళు అడుగుతారు. మంచి ప్రశ్న. దోమ గుడ్డు పెట్టిన ఏడు నుండి పది రోజులలో రెక్కలు వస్తాయి. తూనీగ పిల్లకు, కప్పపిల్లకు అంతకంటె ఎక్కువ రోజులు నీరు కావాలి. కాబట్టి పది రోజులకు కాస్త మించి నిలిచి ఎండి మళ్ళీ నిలిచే గిట్టల గుంటలు, కాలువ పక్క మడుగులు, పాత టైర్లు, పగిలిన కుండలు, మూతలేని తొట్లు — ఇవి దోమకు పుట్టిళ్ళు. వాటిలో దోమను తినేది ఏదీ ఉండదు. డెంగ్యూ దోమ ముఖ్యంగా ఇట్టి తొట్లలోనే పుడుతుంది. నెలల తరబడి నీరు నిలిచి, చేపలు, తూనీగ పిల్లలు, నీటిపురుగులు ఉన్న శుభ్రమైన కుంటలో దోమపిల్లను తినేవారు ఎందరో. కాని గుర్రపుడెక్క కమ్మి, మురుగు చేరి, లోపల చేపలు చచ్చిన కుంట మాత్రం దోమల కొంపే. అందువల్ల దోషం కుంటది కాదు. ప్రాణం పోయిన నీటిది.

ఇక చేయవలసిన పనులు. ఇవి ఖర్చులేనివే.

మొదటిది, వంటింటి మురుగు, పశువుల కొట్టపు మురుగు నేరుగా కుంటలో కలవకుండా చూడండి. దానిని అరటిమొక్కలకో, ఇంకుడుగుంటకో మళ్ళించండి.

రెండవది, మందుకొట్టే పంపును, డబ్బాలను కుంటలో కడగవద్దు. కుంటకు దగ్గరగా ఉన్న మడిలో మందు తప్పనిసరైతే, వాన ముంచుకొచ్చే వేళ చల్లవద్దు.

మూడవది, వేసవిలో పూడిక తీసేటప్పుడు అడుగంతా గోకి తీయవద్దు. సగం ఈ ఏడు తీసి, సగం వచ్చే ఏడు తీయండి. ఒక వార తుంగ, గడ్డి అలాగే వదలండి. అదే మీ విత్తనాల పాతర అని ముందే మనవి చేశాను. తీసిన మట్టి పొలానికి బలం, వదిలిన మట్టి కుంటకు బలం.

నాలుగవది, ఒక వైపు గట్టును వాలుగా ఉంచండి. నిలువు గోడలుంటే కప్పపిల్ల గట్టెక్కలేదు, కోడిపిల్ల పడితే పైకి రాలేదు, పసిపిల్లలకూ ప్రమాదమే. ప్లాస్టిక్ పట్టా పరిచిన నీటికుంటలు ఉన్నవారు ఒక మూల తాడో, కొమ్మో, రాళ్ళ వాలో వేసి పెట్టండి. పసిపిల్లలున్న ఇంట కుంట చుట్టూ తడిక తప్పనిసరి.

ఐదవది, బయటినుండి ఏ చేపనూ, ఏ కప్పనూ తెచ్చి వేయవద్దు. దోమల కొరకు చేప కావాలంటే మన వాగులలో తలమీద వెండిచుక్కతో తిరిగే చిన్నచేప చాలు. అదీ మీ ఊరి నీటిలోదే కావాలి. గాంబూసియా సంగతి విన్నారు కదా.

విస్తరణ పనిలోనున్న మిత్రులకు ఒక మాట. మనం పొలంబడిలో మిత్రపురుగుల పటం చూపిస్తాము. ఆ పటం చూపినరోజే రైతులను కుంట గట్టుకు తీసుకొనిపోయి, తూనీగ పిల్లను దోసిట్లో చూపించండి. పటంలో చూసినది మరచిపోతారు, దోసిట్లో చూసినది మరువరు. మీరు పనిచేసే ఊళ్ళో పెరటి కుంటలు ఎన్ని ఉన్నాయో, పదేళ్ళ కిందట ఎన్ని ఉండేవో పెద్దవారిని అడిగి ఒక జాబితా రాయండి. అట్టి జాబితా మనకు ఏ కచేరీలోనూ దొరకదు.

ఇక బడికి పోయే పిల్లలున్న ప్రతి ఇంటికీ ఒక చిన్న పని అప్పగిస్తాను. ఒక పాత నోటుబుక్కు తీసుకోండి. మొదటి పేజీలో కుంట ఎండిన తేదీ రాయండి. తరువాత నీరు నిలిచిన తేదీ, కప్ప మొదట అరిచిన రాత్రి, గుడ్లు కనబడిన రోజు, తూనీగలు వచ్చిన రోజు, కప్పపిల్లలు గట్టెక్కిన రోజు, లకుముకి పిట్ట వాలిన రోజు. ఏ కార్తెలో జరిగిందో కూడా పక్కన వేయండి. ఏడాదికి ఒక పేజీ చాలు. ఏళ్ళ తరబడి రాస్తూ పోతే మీ ఊరి వానలు ముందుకు జరుగుతున్నాయో, వెనక్కు జరుగుతున్నాయో మీ పుస్తకమే చెబుతుంది. కప్ప అరవని ఏడు వస్తే, ఏ నీటిలో ఏమి కలిసిందో వెదకవలసిన ఏడు అదేనని కూడా అదే చెబుతుంది.

విషం ఆగింది, కత్తి ఆగింది. ఇక పలుగూ పారా మిగిలాయి. అవి మీ చావడిలోనే ఉన్నాయి. వాటిని పూడ్చడానికి తీయకుండా, పూడిక తీయడానికే తీయండి. వచ్చే మృగశిరకు మీ చుట్టాలు దారి మరచిపోకుండా వస్తారు. వారికి విస్తరి వేయనక్కరలేదు, నీరూ నీడా ఉంటే చాలు.